బ్రోషరులో లేని చెయ్యి

ఆమెను స్టూడియోలో అందరూ ఎడమక్క అనేవాళ్ళు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళూ అదే పిలుపు, ఆఖరికి జీతమిచ్చే ఓనరుదీ అదే పిలుపు. వెక్కిరింతగా మొదలైన పేరది. చేరిన కొత్తలో ఎవరో నోరుజారి అన్నారు. ఆమె తలెత్తి, "ఆ, చెప్పండి," అని పలికింది. పలికాక ఇంకేం వెక్కిరిస్తారు? ఆ పూట నుంచి అదే స్థిరపడిపోయింది.

ఎడంచేతివాటం మనుషులు లోకంలో కొల్లలు. కానీ వాళ్ళలో చాలామంది అవసరానికి సర్దుకుపోతారు. ఎడమక్క సర్దుకుపోయే రకం కాదు. కుడిచెయ్యి లేక కాదు. ఉంది, బాగానే ఉంది. సంచులు మోస్తుంది, స్కేలు జారిపోకుండా నొక్కిపెడుతుంది, బస్సులో కమ్మీ పట్టుకుంటుంది. కలం మాత్రం దాని వేళ్ళలోకి రానివ్వదు. అదొక ఒట్టు.

ఆ ఒట్టు వెనక బడి ఉంది. పలక మీద ఎడంచేత్తో గీత గీసినప్పుడల్లా పంతులమ్మ స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఇంటికొస్తే అమ్మ. అమ్మ కొట్టేది కాదు. పాత చీర అంచు చింపి ఎడంచేతిని కుర్చీ కాలికి కట్టేసి, "ఇప్పుడు రాయి," అనేది. అలా నేర్చుకున్న కుడిచేతి రాతతోనే చదువంతా గడిచింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ ఉండేవి. పిల్లకి బుర్ర తక్కువని బళ్ళో తేల్చేశారు. ఆఖరి పరీక్ష కాగితం ఇచ్చేసి బయటికి వచ్చిన రోజున ఆ పిల్ల ఒక బొగ్గుముక్క ఏరుకుని, సున్నం వేసిన బడి గోడ మీద ఎడంచేత్తో, బారెడు అక్షరాలతో "ఇక చాలు" అని రాసింది. వాచ్‌మన్ తరుముకుంటూ వచ్చాడు. పరిగెడుతూనే అనుకుంది, ప్రాణం పోయినా ఇంక కుడిచేత్తో ఒక్క అక్షరం రాయనని.

ఆ గోడ మీద రాతే ఆమెకు బతుకుదెరువైంది. కొట్ల బోర్డులు రాయడం మొదలుపెట్టింది. ఎడంచేత్తో మామూలుగా రాసుకుంటూ పోతే తడి రంగు మీద మణికట్టు తగిలి అలుక్కుపోతుంది. అందుకని ముందు సుద్దతో లెక్క చూసుకుని, ఆఖరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి వెనక్కి రంగు వేసుకుంటూ వచ్చేది. అది చూడ్డానికి జనం మూగేవాళ్ళు. ఏం రాస్తోందో ఊహించుకుంటూ నిలబడి, మొదటి అక్షరం పడగానే హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక సంబంధం వచ్చింది. వచ్చినవాళ్ళకి ఎడంచేత్తో టీ అందించింది. అబ్బాయి తల్లి మొహం ముడుచుకుని, "కుడిచేత్తో ఇవ్వడం రాదామ్మా?" అంది. "వచ్చండీ. కానీ ఒలికిపోతుంది. మీ చీర తెల్లగా ఉంది, ఆలోచించుకోండి," అని జవాబిచ్చింది ఈమె. వాళ్ళు టీ తాగకుండానే లేచారు. ఆ సాయంత్రం అమ్మ చల్లారిన టీలన్నీ ఒక్కతే తాగేసింది.

తర్వాత ప్రకటనల స్టూడియోలో ఉద్యోగం. ప్రింటింగ్ ప్రెస్సు మీద మేడగది, కింద మిషను తిరిగితే పైన బల్లలు వణికేవి. బొమ్మలూ అక్షరాలూ బ్లేడుతో కత్తిరించి, జిగురుతో అట్ట మీద అతికించి పేజీ తయారుచేసే పని. కంప్యూటర్లు వచ్చాయి కానీ, టీవీ పెట్టెలంత లావున, ఇలాంటి మేడగదులకి ఇంకా ఎక్కని కాలం. అక్కడ బల్లలన్నిటికీ దీపం ఎడంపక్కన ఉండేది. ఆమె చేతి నీడ ఆమె పని మీదే పడేది. ఓనరు అది చూసి, మాటైనా అనకుండా ఒకరోజు గోడకి రెండు బొక్కలు కొట్టించి ఆమె దీపాన్ని కుడిపక్కకి మార్పించాడు. ఆయన మహా పిసినారి, చిరాకు మనిషి, టీలో చక్కెర తక్కువైతే ఇల్లు పీకి పందిరేసే రకం. అయినా ఆ దీపం కోసం ఎడమక్క ఆయన్ని ఎంతైనా భరించేది.

అలాంటి చోటికి పలక వచ్చింది.

అసలు పేరు ఏదో నోరు తిరగనిదే. చూడ్డానికి పలకలా ఉందని స్టూడియోలో అందరూ పలకే అన్నారు. కీబోర్డు లేని కంప్యూటరు. అద్దం మీద ప్లాస్టిక్ పెన్నుతో రాస్తే అది చదివి, కింద అచ్చు అక్షరాల్లో చూపిస్తుందట. దానికి బ్రోషరు చెయ్యాలి. కంపెనీ మార్కెటింగ్ మేనేజరు మెరుగు కాగితం ముక్క మీద పై వాక్యం ముందే రాసుకొచ్చాడు: "మీరెలా రాస్తే అలాగే. మీరు మారక్కర్లేదు."

ఎడమక్కకి ఆ వాక్యం చూడగానే మనసు నిండిపోయింది. బళ్ళో, ఇంట్లో, పెళ్ళివారి ముందు ఎవరూ అనని మాట ఒక యంత్రం అంటోంది. పక్కనున్నవాళ్ళకి కూడా చదివి వినిపించింది.

కానీ పలక ఫొటోకి లొంగలేదు. లైటు వేస్తే అద్దంలో ఫొటోగ్రాఫరు మొహం కనిపిస్తుంది, తీసేస్తే తెర చీకటి. అసలు సంగతేమిటంటే, అప్పటికింకా పలకకి చదవడమే సరిగా రాదు. అందుకని ఆ కాలంలో అందరూ చేసే పనే చేశారు. ఎడమక్క పారదర్శకమైన ఫిల్ము మీద నల్లసిరాతో "రేపు పొద్దున్నే అమ్మకి కళ్ళజోడు" అని రాసింది. ఆ ఫిల్ముని పలక అద్దం మీద పరిచారు. రాసిన చెయ్యే ఉంటే సహజంగా ఉంటుందని ఫొటోగ్రాఫరు ఆమె చేతినే తీశాడు. వరస కింద ఆనిన ఎడంచెయ్యి, గోళ్ళ సందుల్లో సిరా మరక, చివరి అక్షరం దగ్గర పెన్ను. ఫొటో చక్కగా వచ్చింది. ఎడమక్క దాన్ని పదేపదే చూసుకుంది. తన చెయ్యి తనకే ముద్దొచ్చింది.

మేనేజరు చూసి, "ఇదేంటి, ఎడంచెయ్యి?" అన్నాడు.

"రాసింది దాంతోనే కదండీ," అంది ఎడమక్క.

"బాగోదు మేడమ్. చూసేవాళ్ళకి ఏదో తేడాగా అనిపిస్తుంది. తిప్పి ప్రింటు చెయ్యలేరా?"

"చేస్తే అక్షరాలు కూడా తిరగబడతాయి సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"అయితే చెయ్యి మార్చండి."

ఎడమక్క పై వాక్యం మీద వేలు పెట్టింది. "మీరు మారక్కర్లేదు అని మీరే రాశారు కదా?"

"అది మాట మేడమ్. ఇది బొమ్మ," అన్నాడాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

చేతుల క్రీము ప్రకటనల్లో కనిపించే మోడలు వచ్చింది. పాపం మంచిపిల్లే, బస్సులో కూడా గ్లవ్స్ వేసుకునే వచ్చింది. పెన్నుని మాత్రం చెంచా పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ కుడిచేతి ఫొటోని బ్లేడుతో అంచులంటా కత్తిరించి, తన రాత పక్కన అతికించాల్సింది ఎడమక్కే. చెయ్యనంది. ఓనరు పక్కకి పిలిచి, "వచ్చే ఏడంతా వాళ్ళ పని మనకే ఇస్తామన్నారు. ఈ ఒక్కసారికి ఊరుకో, ఎడమక్కా," అని బతిమాలాడు. బతిమాలడం ఆయనకి రాదు, ఎవరినో తిడుతున్నట్టే ఉంది. ఆమె దీపం వంక చూసింది. కూర్చుని అతికించింది.

బ్రోషర్లు మడతపెట్టే పని బయటికి ఇచ్చేవాళ్ళు. ఎడమక్క అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఆ పని చేసేది. కట్టలు మంచం మీద పరుచుకుని, మూడు మడతలు వేసి, బొటనవేలి గోరుతో గీరి పక్కన పెట్టేది. చూసేవాళ్ళు లేనప్పుడు ఎడంచేతి గోరుతో చకచకా గీరేది. ఎవరైనా గదిలోకి వస్తే కుడిచేతికి మార్చేది. "ఆ చెయ్యి నొప్పెట్టింది," అనేది, ఎవరూ అడక్కుండానే. ఎడమక్క దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

అమ్మ మొదటి కాగితం మడవబోతూ ఆగిపోయింది.

"ఏమే, ఈ రాత నీదే కదూ?"

"నాదే."

"మరి ఈ చెయ్యి ఎవరిదే?"

"ఎవరో మోడలుదిలే అమ్మా. నాది ఎడమది కదా, బాగోదన్నారు."

"బాగోదా? నీ చెయ్యి బాగోదనడానికి వాళ్ళెవరే?"

ఎడమక్కకి నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "అనేదేముందిలే. నువ్వు కుర్చీ కాలికి కట్టెయ్యలేదూ?"

"నేను కన్నదాన్ని. కడతాను, విప్పుతాను, నా ఇష్టం. వీళ్ళు కన్నారా, పెంచారా?" అంది అమ్మ. ఆ రోజంతా మడతలు పెడుతూనే ఉంది, ఒక్కో మడతకీ ఒక్కో తిట్టు చొప్పున. తిట్లన్నీ ఆ గోళ్ళరంగు చేతికే.

పెద్ద ప్రదర్శన దగ్గరపడింది. అందరి ముందూ పలక చదివి చూపించాలి. కంపెనీ ఇంజనీరు దాన్ని చంకన పెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. నిద్రలేక కళ్ళు గుంటలుపడిన మనిషి. బ్రోషరులో ఉన్న రాతే చదవాలని పైనుంచి ఆజ్ఞట. అందుకని ఆ రాత ఎవరిదో వాళ్ళే పలకకి నేర్పాలి. ఎడమక్క రాసింది. మళ్ళీ రాయమన్నాడు, మళ్ళీ రాసింది. పోనుపోను పలక తప్పులు తగ్గాయి.

"ఇది అక్షరం మొహం చూడదక్కా," అన్నాడు ఇంజనీరు. "పెన్ను ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది అనే చూస్తుంది."

ఎడమక్క చెయ్యి ఆపింది. "నేను సున్నా అందరిలా తిప్పను. అడ్డగీత కూడా ఇటునుంచి అటు లాగుతాను. మరి మిగతావాళ్ళ రాత దీనికెలా తెలుస్తుంది?"

ఇంజనీరు పలకని ఆమె వైపు ఇంకా జరిపాడు. "వాళ్ళ సంగతి తర్వాత. ముందు ప్రదర్శన గడవాలి." ఆ ముక్క మేనేజరుకి చెబుదామని వెళ్ళి, ఆయన మొహం చూసి చెప్పకుండా తిరిగొచ్చాడు.

ప్రదర్శన రోజు హాలు కిక్కిరిసిపోయింది. వేదిక వెనక గోడంతా బ్రోషరు బొమ్మే, ఆ కుడిచెయ్యి గుమ్మమంత ఎత్తున. పలకకి ఒక పెద్ద తెర తగిలించారు. కింద ముందువరసలో పత్రికలవాళ్ళు కెమెరాలతో ఉన్నారు. స్టాలు వెనక ఎడమక్కా, ఓనరూ బ్రోషర్ల కట్టలు విప్పుతున్నారు. తను మడతపెట్టిన కాగితాలు ఎవరు తీసుకుంటారో చూస్తానని అమ్మ కూడా వచ్చి జనంలో నిలబడింది.

మేనేజరు మైకులో చాలా గొప్పలు చెప్పి, పెన్ను తీసుకుని, కుడిచేత్తో "మీరెలా రాస్తే అలాగే" అని రాశాడు. పెద్ద తెర మీద ఏ భాషకీ చెందని చెత్త వచ్చి పడింది. జనం నవ్వారు. నిదానంగా, పెద్దగా మళ్ళీ రాశాడు. ఇంకా ఘోరంగా వచ్చింది. "డాక్టరు గారి చీటీ లాగుందే!" అని ఎవరో అరిచారు. ఇంజనీరు పరిగెత్తుకెళ్ళి ఆయన చెవిలో అసలు విషయం ఊదాడు.

మేనేజరు స్టాలు వెనక్కి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "మేడమ్, మీరొచ్చి ఒక్క వాక్యం రాయండి. మా మనిషని చెప్పొద్దు, చూడ్డానికి వచ్చినట్టు ఉండండి. అయితే..." వెనక గోడ చూపించాడు, "కుడిచేత్తో."

"కుడిచేత్తో రాస్తే అది చదవదండీ."

"అవును సార్," అన్నాడు ఇంజనీరు, ఇప్పటికి ధైర్యం తెచ్చుకుని.

"అయితే కుడిచేత్తో పట్టుకుని ఫొటో దిగండి. తర్వాత జనానికి వీపు పెట్టి, కనపడకుండా ఎడంచేత్తో రాయండి." ఆమె కదలకపోయేసరికి ఆయన ఓనరు వైపు తిరిగాడు. "ఈవిడ వినకపోతే మా పని మీకు ఇదే ఆఖరు. ఈవిడ మీ దగ్గర ఉన్నా ఇదే ఆఖరు. ఆలోచించుకోండి."

ఓనరు బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఎడమక్క లెక్క వేసుకుంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ నిచ్చెన ఎక్కి బోర్డులు రాసే వయసు కాదు. తనవల్ల ఆ ముసలి ఓనరు పనీ పోతుంది. అయినా వేళ్ళ కణుపులు అప్పుడే మండుతున్నట్టు అనిపించింది, పంతులమ్మ స్కేలు తిప్పి పట్టుకుని ఎదురుగా నిలబడినట్టు.

"వస్తాను, పదండి," అంది.

వేదిక మీద మేనేజరు చిరునవ్వు అతికించుకుని, "మన సందర్శకుల్లో ఒకరు!" అని చెప్పి, పెన్ను తీసి స్వయంగా ఆమె కుడిచేతిలో పెట్టాడు. కెమెరాలు లేచాయి. కలం ఆ వేళ్ళను తాకి ఎన్నేళ్ళయిందో. ఆ చిన్నపాటి బరువుకే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మెరుపులు మెరవకముందే పెన్ను ఎడంచేతిలోకి మారింది.

"కుడి... కుడి మేడమ్," అంటున్నాడాయన, పెదవులు కదలకుండా.

ఎడమక్క జనం వైపు తిరిగి, అందరికీ కనపడేలా పలకను కుడి మోచేతికి ఆనించుకుని, ఎడంచేత్తో రాసింది. పెద్ద తెర మీద అచ్చు అక్షరాలు ఒక్క తప్పు లేకుండా వచ్చాయి: "ఆ చెయ్యి నాది కాదు. ఈ చెయ్యి నాది."

చప్పట్లు మోగాయి. అవి ఆగేలోపే ఆమె మైకు అందుకుంది. "నేను సందర్శకురాలిని కాను. ఆ గోడ మీద రాత నాది. నా చెయ్యి బాగోదని తీసేసి ఆ చేతిని అతికించారు. అతికించింది కూడా నేనే. ఈ పలక నా చేతి దగ్గర నేర్చుకుంది. ఎడంచేత్తో రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి. కుడిచేతివాళ్ళు కొంచెం ఆగాలి. మేం చాలాకాలం ఆగాం."

హాలంతా నవ్వింది. యూనిఫారంలో ఉన్న ఒక బస్సు కండక్టరు ముందుకొచ్చి రాశాడు. అక్కడక్కడా తప్పినా చదివేసింది. అతను తెర వంక చూసి చిన్నపిల్లాడిలా గంతేశాడు. తర్వాత ఒక నర్సు, ఆమె వెనక ఇంకెవరో. వరస కట్టారు. మేనేజరు మైకు లాక్కోబోయాడు కానీ పత్రికలవాళ్ళు అప్పటికే ఆయన్ని పక్కకి నెట్టేసి ఫొటోలు తీస్తున్నారు.

ఆ వరసలో అమ్మ వచ్చి నిలబడింది.

ఎడమక్క మెట్ల దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, ఇది ఎడంచేతివాళ్ళకే."

"చెవుడు లేదే నాకు. విన్నాను."

అమ్మ పెన్ను ఎడంచేత్తో తీసుకుంది. పట్టు కుదరలేదు. ఒకసారి జారింది. కొంగుతో అరచెయ్యి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. బళ్ళో మొదటిరోజు దిద్దించే గుండ్రటి 'అ' ఒక్కటే రాసింది, అందరూ తిప్పే వైపుకి కాకుండా కూతురు తిప్పే వైపుకే తిప్పుతూ. మేనేజరు రాస్తే చదవని అక్షరం తెర మీద అచ్చంగా వచ్చి నిలబడింది.

"నాదీ కట్టేసిందే మా అమ్మ," అంది. మైకు దగ్గర్లోనే ఉంది, హాలంతా వినపడింది. "నేను పడ్డ తిట్లు నువ్వు పడకూడదని నీది కట్టేశాను. నువ్వు విప్పుకున్నావు. నాకు చేతకాలేదు."

ఎడమక్కకి ఏడుపొచ్చింది, దాచుకోనూ లేదు.

స్టాలు వెనక మేనేజరు ఓనరు మీద విరుచుకుపడుతున్నాడు. "ఈవిడ రేపు మీ స్టూడియోలో కనపడితే మీకూ మాకూ చెల్లు!"

ఓనరు చాలాసేపు గొణుక్కున్నాడు. పోయిన పనికీ, ప్రింటైన కాగితాలకీ అందరినీ కలిపి తిట్టుకున్నాడు. ఆఖరికి అన్నాడు, "ఆ దీపం కుడివైపుకి మార్చడానికే గోడకి బొక్కలు కొట్టాను. మళ్ళీ కొట్టే ఓపిక నాకు లేదు సార్. మీరు వేరేచోట చూసుకోండి." తర్వాత ఎడమక్క వైపు తిరిగి, "ఆ కట్టలు మొయ్యి. ఆటో నేను పెట్టుకోను," అన్నాడు.

మర్నాడు పొద్దున ఎడమక్క స్టూడియోకి బయల్దేరుతోంది. అమ్మ వంటింట్లోంచి టీ కప్పు తెచ్చింది, ఎడంచేత్తో. అలవాటు లేని చెయ్యి. నాలుగు అడుగుల్లోనే సాసర్లోకి సగం ఒలికింది, కొంత నేల మీద పడింది.

ఎడమక్క కప్పు వంకా, అమ్మ చేతి వంకా చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తావు? నీ చీరేం తెల్లగా లేదులే. తీసుకో," అంది అమ్మ.